ఫినైల్‌కీటోన్యూరియా: తొలి వారంలోనే గుర్తించవలసిన జన్యువ్యాధి

పుట్టినప్పుడు ఆరోగ్యంగా కనిపించే శిశువు మెదడును కొద్ది నెలలలోనే శాశ్వతంగా దెబ్బతీయగల అరుదైన వంశపారంపర్య వ్యాధి ఫినైల్‌కీటోన్యూరియా. శిశువు మడమ నుంచి సేకరించే కొద్దిపాటి రక్తపు చుక్కలతో, లక్షణాలు బయటపడకముందే దీనిని గుర్తించవచ్చును. వెంటనే ఆహార చికిత్స ప్రారంభించి కొనసాగించినట్లయితే ఆ శిశువు తోటి పిల్లల వలెనే ఎదగగలదు. ఆలస్యమైన పక్షంలో మెదడుకు జరిగిన నష్టాన్ని పూర్తిగా సరిదిద్దడం సాధ్యం కాదు.

వ్యాధి స్వరూపం

పాలు, పప్పులు, గుడ్లు, మాంసం తదితర ఆహార పదార్థాల మాంసకృత్తులలో ఫినైల్‌అలనైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కాలేయంలోని ఒక ఎంజైము దీనిని టైరోసిన్‌గా మారుస్తుంది. ఆ ఎంజైము లోపించినపుడు ఫినైల్‌అలనైన్ రక్తంలో పేరుకుపోయి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చికిత్స అందని పిల్లలలో మేధోవైకల్యం, మూర్ఛలు, ప్రవర్తనా లోపాలు ఏర్పడతాయి.

తల్లిదండ్రులిరువురూ ఈ జన్యులోపానికి వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సంక్రమించే అవకాశం 25 శాతం. వాహకులలో లక్షణాలేవీ ఉండవు. కావున కుటుంబంలో ఎవరికీ ఈ వ్యాధి లేదన్న కారణంతో పరీక్ష అనవసరమని భావించరాదు. మేనరికపు వివాహాలలో ఇరువురూ ఒకే లోపానికి వాహకులయ్యే అవకాశం అధికం.

పరీక్ష పరిణామం

నార్వే వైద్యుడు అస్బ్యోర్న్ ఫోలింగ్ 1934లో ఈ వ్యాధిని వెల్లడించారు. 1950వ దశకం ఆరంభంలో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో హార్స్ట్ బికెల్ బృందం ఆహార నియంత్రణ వల్ల ప్రయోజనం ఉన్నదని చూపింది. 1960వ దశకం తొలినాళ్లలో అమెరికాకు చెందిన రాబర్ట్ గత్రీ, వడపోత కాగితంపై ఆరబెట్టిన రక్తపు చుక్కతో చేసే పరీక్షను రూపొందించారు. ప్రస్తుతం టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ విధానంలో అదే చుక్కతో అనేక జీవక్రియా వ్యాధులను ఒకేసారి పరీక్షించవచ్చును.

పాటించవలసిన జాగ్రత్తలు

శిశువు పాలు తాగడం మొదలైన పిదప, పుట్టిన 24 నుంచి 72 గంటల మధ్య రక్తం సేకరించడం మేలు. 24 గంటలలోపు సేకరించినట్లయితే పరీక్షను మరల జరపాలి. రక్తపు చుక్కలను ఎండ, వేడి తగలకుండా ఆరబెట్టి, జాప్యం లేకుండా ప్రయోగశాలకు పంపాలి. తొలి ఫలితమే వ్యాధి నిర్ధారణ కాదు. నిర్ధారణ పరీక్షలు తప్పనిసరి. వ్యాధి ఉన్నట్లు తేలితే 10 రోజుల వయసులోపు చికిత్స ప్రారంభం కావడం ఉత్తమం.

ఫినైల్‌అలనైన్ లేని ప్రత్యేక పాలపొడితో పాటు తల్లిపాలను వైద్యులు నిర్ణయించిన పరిమాణంలో ఇవ్వవచ్చును. తల్లిదండ్రులు తమంతట తాము తల్లిపాలు మాన్పించరాదు. ఆహార నియమం జీవితాంతం కొనసాగాలి.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం, ప్రత్యేక ఆహారంతో అదుపు చేయదగిన వ్యాధుల జాబితాలో దీనిని చేర్చింది. నిమ్స్ భాగస్వామ్యంతో హైదరాబాద్‌లోని డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం ఈ విధానం క్రింద ఉత్కృష్టతా కేంద్రంగా గుర్తింపు పొందింది.

రక్తం సేకరించడంతో బాధ్యత ముగియదు. కాన్పు అనంతరం తల్లి పుట్టింట ఉండటం సాధారణం కాగా, ఆసుపత్రి రికార్డులలో అత్తవారింటి చిరునామా ఉండవచ్చును. శిశువు ఉండబోయే ఇంటి చిరునామా, ఫోన్ నంబరు కార్డుపై నమోదు చేసినప్పుడే ఫలితం సకాలంలో కుటుంబానికి చేరుతుంది. ఫలితం చేరని పరీక్ష వల్ల శిశువుకు రక్షణ లభించదు.