భాగం 9 : బస ప్రాంతాన్ని ఎంచుకోవడం – కోబే రేవు నగరం

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 కోబే నగర స్వరూపం
9.3 ప్రధాన బస ప్రాంతాలు
9.4 ఎంపికకు ఆధారమయ్యే అంశాలు
9.5 భద్రత : 1995 భూకంపం నేర్పిన విషయాలు
9.6 ఒక ఉదాహరణ
9.7 సారాంశం
9.8 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు
9.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు :
• ఒక నగర స్వరూపానికీ, అందులోని బస ప్రాంతాలకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• కోబేలోని ప్రధాన బస ప్రాంతాల అనుకూలతలను, ప్రతికూలతలను పోల్చగలుగుతారు.
• ఒక యాత్రికుని అవసరాలను బట్టి తగిన ప్రాంతాన్ని కారణాలతో సహా సూచించగలుగుతారు.

9.1 పరిచయం

కొత్త ఊరికి వెళ్లేవారు సాధారణంగా ముందు హోటలును వెతుకుతారు. గది ఎంత బాగుంది, అద్దె ఎంత అని చూస్తారు. అది ఊళ్లో ఏ వైపు ఉందో ఆ తరువాత చూస్తారు. ఈ వరుసను తారుమారు చేయాలన్నది ఈ భాగంలో మీరు నేర్చుకొనే మొదటి విషయం. గది నచ్చకపోతే మరో గది అడగవచ్చు. ప్రాంతం నచ్చకపోతే మాత్రం ఉన్నన్ని రోజులూ ప్రతి ఉదయం, ప్రతి రాత్రి దాని ఫలితాన్ని అనుభవించవలసిందే. అందువల్ల ముందు ప్రాంతాన్ని, తరువాత హోటలును ఎంచుకోవాలి.

ఈ సూత్రాన్ని అర్థం చేసుకోవడానికి జపానులోని కోబే నగరాన్ని ఉదాహరణగా తీసుకొందాం. దాదాపు 15 లక్షల జనాభా గల ఈ రేవు నగరంలో వేర్వేరు స్వభావాలు గల ప్రాంతాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. కాబట్టి పోల్చి చూడటం సులభం.

9.2 కోబే నగర స్వరూపం

కోబేకు ఉత్తరాన రొక్కో పర్వతశ్రేణి, దక్షిణాన ఒసాకా అఖాతం ఉన్నాయి. ఈ రెండింటి నడుమ తూర్పు పడమరలుగా సాగిన సన్నని పట్టీలో నగరం విస్తరించింది. రొక్కో శిఖరం ఎత్తు 931 మీటర్లు. ఎక్కడ నిలబడినా కొండ కనిపిస్తుంది కనుక ఇక్కడివారు దారి చెప్పేటప్పుడు ఉత్తరం, దక్షిణం అనడానికి బదులు 'కొండ వైపు', 'సముద్రం వైపు' అంటారు. మీరు కూడా ఈ పద్ధతిని గుర్తుంచుకొంటే చాలు, దారి తప్పడం అరుదు. కొండ వైపు నడవడమంటే ఎక్కడం, సముద్రం వైపు నడవడమంటే దిగడం.

1868లో ఈ రేవును విదేశీ వ్యాపారానికి తెరిచారు. విదేశీయుల కోసం తీరం దగ్గర ప్రత్యేక నివాస ప్రాంతాన్ని ఏర్పరిచారు. 1899లో అది తిరిగి జపాను పాలన కిందికి వచ్చింది. అక్కడి స్థలం చాలకపోవడంతో పలువురు విదేశీయులు కొండవాలున ఉన్న కితానోలో ఇళ్లు కట్టుకొన్నారు. నగరం సముద్రంలోకి కూడా పెరిగింది. కొండలను తవ్విన మట్టితో సముద్రాన్ని పూడ్చి పోర్ట్ ఐలాండ్, రొక్కో ఐలాండ్ అనే కృత్రిమ దీవులను నిర్మించారు. ఈ విధంగా కొండవాలు, మధ్య పట్టీ, పాత తీరం, కృత్రిమ దీవులు అనే నాలుగు మెట్లుగా కోబేను ఊహించుకోవచ్చు.

9.3 ప్రధాన బస ప్రాంతాలు

9.3.1 సన్నోమియా : నగర కేంద్రం ఇదే. జేఆర్, హాన్క్యూ, హాన్షిన్ రైళ్లు, భూగర్భ రైలు, పోర్ట్ లైనర్ అన్నీ ఇక్కడ కలుస్తాయి. జేఆర్ వేగవంతమైన రైలులో ఒసాకాకు 20 నిమిషాలకు కొంచెం పైగా, క్యోటోకు సుమారు 50 నిమిషాలు పడుతుంది. కన్సాయ్ విమానాశ్రయం నుంచి బస్సులు ఇక్కడికే వస్తాయి. తక్కువ అద్దెకు చిన్న గదులిచ్చే బిజినెస్ హోటళ్లు ఎక్కువ. అయితే స్టేషనుకు కొండ వైపున, ఇకుతా ఆలయానికి ఆనుకొని ఉన్న వీధుల్లో మద్యశాలలు రాత్రి పొద్దుపోయే దాకా తెరిచి ఉంటాయి. నిద్ర తేలికగా చెదిరేవారు ఆ వీధులకు దూరంగా గది తీసుకోవాలి.

9.3.2 మోతోమాచి, పాత విదేశీ నివాస ప్రాంతం : సన్నోమియా తరువాతి స్టేషను మోతోమాచి. నడిచి వెళ్లగలిగేంత దూరం. పైకప్పు గల పొడవాటి దుకాణాల వీధి, చైనీయుల బజారైన నాన్కిన్‌మాచి ఇక్కడ ఉన్నాయి. పక్కనే ఉన్న పాత విదేశీ నివాస ప్రాంతంలో రాతి కట్టడాలు, కార్యాలయాలు ఎక్కువ. పగలు సందడి, రాత్రి ప్రశాంతత కోరేవారికి ఇది అనుకూలం.

9.3.3 కితానో : పాత విదేశీ గృహాలు ఇప్పుడు ప్రదర్శనశాలలుగా ఉన్న కొండవాలు ప్రాంతం. 1923లో వచ్చిన కాంటో భూకంపంలో యొకొహామా దెబ్బతిన్న తరువాత అక్కడి భారతీయ వ్యాపారులు పలువురు కోబేకు తరలివచ్చారు. జపానులో మొదటి మసీదును 1935లో ఈ పరిసరాల్లోనే కట్టారు. జైన దేవాలయం కూడా కితానోలో ఉంది. అందువల్ల భారతీయ భోజనం దొరికే చోటు ఇది. ప్రతికూలత ఒక్కటే : ఎత్తు. సామానుతో ఎక్కడం శ్రమ.

9.3.4 షిన్-కోబే : షింకన్‌సెన్ రైలు ఆగే స్టేషను. సన్నోమియాకు భూగర్భ రైలులో ఒకే ఒక్క స్టేషను దూరం. స్టేషను వెనుక నుంచే నునోబికి జలపాతానికి కాలిబాట మొదలవుతుంది. తెల్లవారే దూరప్రయాణం ఉన్నవారికి అనువైనది. సాయంత్రం తిరగడానికి దుకాణాలు తక్కువ.

9.3.5 హార్బర్‌ల్యాండ్, మెరికెన్ పార్కు : పాత రేవు గట్టున ఉన్న విహార ప్రాంతం. 108 మీటర్ల ఎత్తున్న పోర్ట్ టవర్ ఇక్కడిదే. గదుల నుంచి సముద్రం కనిపిస్తుంది కనుక అద్దె సాధారణంగా ఎక్కువ. పిల్లలున్న కుటుంబాలకు నచ్చుతుంది.

9.3.6 అరిమా : కొండకు అవతల ఉన్న వేడినీటి ఊటల ఊరు. సన్నోమియా నుంచి బస్సులో సుమారు అరగంట. సంప్రదాయ సత్రాలైన ర్యోకాన్‌లలో అద్దెను సాధారణంగా గదికి కాక మనిషికి లెక్కిస్తారు. రెండు పూటల భోజనం అందులోనే కలిసి ఉండటం పరిపాటి. ఇక్కడ ఒక రాత్రి ఉండటం బాగుంటుంది. నగరం చూడటానికి దీన్ని స్థావరం చేసుకొంటే సమయమంతా ప్రయాణానికే పోతుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
గమనిక : (అ) మీ సమాధానాన్ని నోటు పుస్తకంలో రాయండి. (ఆ) 9.8లోని సమాధానంతో సరిచూసుకోండి.
1. కోబే స్టేషను, సన్నోమియా స్టేషను, షిన్-కోబే స్టేషను – వీటిలో నగర కేంద్రం ఏది? మిగిలిన రెండూ ఏ ప్రాంతాల్లో ఉండవచ్చు?

9.4 ఎంపికకు ఆధారమయ్యే అంశాలు

ఏ ప్రాంతం మంచిది అనే ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఎవరికి మంచిది అని అడిగినప్పుడే సమాధానం దొరుకుతుంది. ఈ ఐదు అంశాలను వరుసగా పరిశీలించండి.

1) రాక, పోక : ఎక్కడ దిగుతారు, చివరి రోజు ఎక్కడ నుంచి బయలుదేరుతారు? జపాను నగరాల్లో రైళ్లు సుమారు అర్ధరాత్రి ఆగి, తెల్లవారుజామున 5 గంటల ప్రాంతంలో మొదలవుతాయి. ఆలస్యంగా చేరేవారు స్టేషనుకు నడక దూరంలోనే ఉండాలి.

2) రోజువారీ ప్రయాణం : అద్దెలో మిగిలిన డబ్బు రైలు టికెట్లకు పోతే అది పొదుపు కాదు. గది అద్దెకు రోజువారీ చార్జీలను కలిపి పోల్చండి.

3) నడక, ఎత్తు : పటం మీద 800 మీటర్లు అంతటా ఒక్కటే. నేల మీద కితానో వైపు 800 మీటర్లు, రేవు వైపు 800 మీటర్లు ఒక్కటి కావు. పటంలో దూరంతో పాటు ఎత్తును కూడా చూడాలి.

4) ఆహారం : జపాను వంటల్లో చేపలతో కాచిన రసం విరివిగా వాడతారు. కూరగాయల వంటకంలోనూ అది ఉండవచ్చు. శాకాహారులు ర్యోకాన్‌లో బస చేయదలిస్తే గది తీసుకొనేటప్పుడే ఈ విషయాన్ని స్పష్టంగా తెలియజేయాలి.

5) కాలం : ఏప్రిల్ చివరి నుంచి మే మొదటివారం వరకు వచ్చే సెలవులు, ఆగస్టు మధ్యలోని ఓబొన్, నూతన సంవత్సరం – ఈ రోజుల్లో జపానీయులే పెద్ద సంఖ్యలో ప్రయాణిస్తారు. గదులు దొరకడం కష్టం, అద్దెలూ పెరుగుతాయి.

9.5 భద్రత : 1995 భూకంపం నేర్పిన విషయాలు

1995 జనవరి 17 ఉదయం 5 గంటల 46 నిమిషాలకు వచ్చిన భూకంపంలో 6,434 మంది మరణించారు. మరణాల్లో అధికభాగం పాత చెక్క ఇళ్లు కూలడం వల్ల సంభవించాయి. పడమర వైపున ఉన్న నగాతాలో మంటలు వ్యాపించాయి. కృత్రిమ దీవుల్లో నేల బురదగా మారి నీరు పైకి ఉబికింది. పోర్ట్ లైనర్ నెలల తరబడి నడవలేదు. దెబ్బతిన్న రేవు గట్టులో కొంత భాగాన్ని మెరికెన్ పార్కులో అలాగే ఉంచి స్మారకంగా కాపాడుతున్నారు.

దీని నుంచి యాత్రికుడు గ్రహించవలసినవి మూడు. ఒకటి, భవనం వయస్సు ముఖ్యం. 1981లో జపాను భూకంప నిరోధక నిర్మాణ నియమాలను కఠినతరం చేసింది. ఆ తరువాత కట్టిన భవనాలు 1995లో చాలా మేరకు నిలిచాయి. రెండు, ప్రతి చోటా ప్రమాదం ఒకే తీరుగా ఉండదు. తీరంలో సునామీని, కొండవాలున భారీ వర్షాలకు జారిపడే మట్టిని గమనించాలి. మూడు, జపాను నగరపాలక సంస్థలు ప్రమాద సూచిక పటాలను ప్రచురిస్తాయి. గదిలోకి చేరిన వెంటనే తలుపు వెనుక ఉన్న అత్యవసర మార్గ పటాన్ని, దగ్గరలోని ఆశ్రయ స్థలాన్ని చూసుకోవాలి. దీనికి రెండు నిమిషాలు చాలు. భయపడి యాత్ర మానుకోవలసిన అవసరం లేదు. తెలుసుకొని ఉండటమే కావలసింది.

9.6 ఒక ఉదాహరణ

దంపతులు, వారితో 70 ఏళ్ల తల్లి కోబేలో మూడు రాత్రులు ఉంటారనుకొందాం. ముగ్గురూ శాకాహారులు. కన్సాయ్ విమానాశ్రయంలో సాయంత్రం దిగుతారు. ఒక రోజు క్యోటో చూస్తారు. నాలుగో రోజు ఉదయం షింకన్‌సెన్‌లో హిరోషిమా వెళతారు.

భోజనం ఒక్కటే చూస్తే కితానో సరైనది. కానీ పెద్దావిడ రోజుకు రెండుసార్లు ఎత్తు ఎక్కవలసి వస్తుంది. చివరి ఉదయాన్ని మాత్రమే చూస్తే షిన్-కోబే మేలు. కానీ క్యోటోకు వెళ్లే జేఆర్ రైలు, విమానాశ్రయం బస్సు రెండూ సన్నోమియాలో ఉన్నాయి. హార్బర్‌ల్యాండ్‌లో సముద్రం కనిపిస్తుంది, అద్దె పెరుగుతుంది. మొత్తం మీద సన్నోమియాలో, మద్యశాలల వీధులకు దూరంగా, లిఫ్టు గల హోటలు వీరికి తగినది. రాత్రి భోజనానికి టాక్సీలో కితానో చేరవచ్చు. చివరి ఉదయం భూగర్భ రైలులో ఒక స్టేషను ప్రయాణిస్తే షిన్-కోబే వస్తుంది. మూడు రాత్రులకూ ఒకే గది ఉంచుకోవడం మరో లాభం. జపాను హోటళ్లలో ఉదయం 10 లేదా 11 గంటలకు గది ఖాళీ చేయాలి, కొత్త గది మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో గానీ ఇవ్వరు. హోటలు మారిన ప్రతిసారీ వృద్ధురాలు ఆ మధ్య సమయమంతా బయట గడపవలసి వస్తుంది.

ఇదే యాత్రకు ఒంటరి యువకుడు వస్తే సమాధానం మారవచ్చునని గమనించండి.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
1. పై ఉదాహరణలో కితానోను ఎందుకు ఎంచుకోలేదు?

9.7 సారాంశం

బసకు ముందు ప్రాంతాన్ని, తరువాత హోటలును ఎంచుకోవాలి. కొండకూ సముద్రానికీ నడుమ ఉన్న కోబేలో ప్రతి ప్రాంతానికీ ఒక అనుకూలత, ఒక ప్రతికూలత ఉన్నాయి. రాకపోకలు, రోజువారీ ప్రయాణం, ఎత్తు, ఆహారం, కాలం అనే ఐదు అంశాలతో పాటు భద్రతను కూడా పరిశీలించాలి. బృందంలో అందరికన్నా తక్కువ నడవగలిగేవారిని దృష్టిలో ఉంచుకొని నిర్ణయిస్తే మిగిలినవారికి ఇబ్బంది ఉండదు.

9.8 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు

1–1. నగర కేంద్రం సన్నోమియా. కోబే స్టేషను హార్బర్‌ల్యాండ్ దగ్గర, సన్నోమియాకు సుమారు 2.5 కిలోమీటర్ల పడమర ఉంది. షిన్-కోబే కొండ అంచున ఉంది. పేరును బట్టి 'కోబే స్టేషనే' కేంద్రమని భావించి గది తీసుకోవడం పొరపాటు.

2–1. శాకాహార భోజనానికి అనువైనదే అయినా, ఎత్తు వల్ల వృద్ధురాలికి రోజూ శ్రమ కలుగుతుంది. భోజనానికి ఒక పూట వెళ్లి రావచ్చు, బస మాత్రం రోజంతటికీ సంబంధించినది.

9.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కోబే నగర స్వరూపాన్ని వివరించి, అది బస ప్రాంతాల ఎంపికను ఎలా ప్రభావితం చేస్తుందో చర్చించండి.
2. మీకు బాగా తెలిసిన ఒక నగరానికి మొదటిసారి వస్తున్న యాత్రికునికి ఏ ప్రాంతంలో బస సూచిస్తారు? 9.4లోని అంశాల ఆధారంగా వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కితానోలో భారతీయుల స్థిరనివాసం
2. బస ఎంపికలో భద్రతాంశాలు