కేసింగ్ దగ్గర పిసినారితనం వద్దు



నాలుగో జ్వరం లేచాక పురుగు తన జన్మలో తినే ఆకులో ఎక్కువ భాగం తినేస్తుంది. ఆ వారానికి ఆకు ఉండాలంటే నెల ముందునుంచే తోటకు నీళ్ళు తప్పకూడదు. జీవనది లేని జిల్లా మనది. అంతా బోరే ఆధారం.

కెంచార్లహళ్ళి చుట్టుపక్కల పైన మట్టి, దాని కింద చేత్తో నలిపితే రాలే మెత్తబండ, ఆ కింద గట్టిబండ. గట్టిబండలో రంధ్రం తనంతట తానే నిలుస్తుంది. కూలేది పైభాగమే, కేసింగ్ అవసరం అక్కడే.

వేల మీటర్ల చమురు బావుల్లో పైపు దింపే ముందు కంప్యూటర్లో దింపి చూస్తారు. పైపును చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క బరువు, గోడకు రాపిడి లెక్కకట్టి కింది నుంచి పైకి కూడతారు. ఈ రాపిడి లెక్క 1984లోనే అచ్చయింది. బయటి ఒత్తిడికి పైపు తట్టుకుంటుందా అనేదీ ముందే చూస్తారు.

మనకు కంప్యూటర్ అక్కరలేదు, రెండు లెక్కలు చాలు. ఒకటి: 33 అడుగుల నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి ఇస్తుంది. అంటే 100 అడుగుల దగ్గర 3 కిలోలు. కంప్రెసర్ గాలితో లోపలి నీళ్ళు ఒక్కసారిగా బయటికి చిమ్మినప్పుడు ఈ ఒత్తిడంతా పైపు మీదే పడుతుంది. రెండు: అదే సైజు పైపులో మందం సగమైతే నొక్కుడుకు తట్టుకునే బలం సగం కాదు, దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అడుగుకు కాస్త మిగిలిందని పలుచని పైపు వేస్తే, అది నొక్కుకుపోయి మోటారు లోపలే ఇరుక్కుంటుంది.

కాబట్టి బండి వచ్చిన రోజు దగ్గరుండి చూద్దాం. పచ్చని మెత్త పొడి ఆగి, గట్టి రాతి పొడి వచ్చేవరకు కేసింగ్ ఆపనివ్వొద్దు. పైపు అడుగు గట్టిబండలో కూర్చోవాలి. మెత్తబండ మీదే ఆగితే కింది నుంచి మట్టి దూరి పంపు అరుగుతుంది, డ్రిప్ ఫిల్టరు పూడుతుంది. పైపు నిలువుగా దిగిందా అని తాడుకు బరువు కట్టి చూడండి. పైపు చుట్టూ ఖాళీని బంకమట్టితోనో సిమెంటుతోనో మూయించండి. లేదంటే వానకు పైమట్టి నీళ్ళు నేరుగా బోరులోకి దిగుతాయి.

నీళ్ళు పడని బోరును పూడ్చేయండి. నీళ్ళున్న బోరుకైనా పంపు బిగించేవరకు మూత తప్పనిసరి. పసిపిల్లలు పడి చనిపోయిన ఘటనల తర్వాత 2010లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే.