కరెంటు పోయినా బిల్లులు పోకూడదంటే.. ఈ సెట్టింగ్ చూసుకోవాల్సిందే!

ప్రొద్దుటూరు బంగారం షాపు, జమ్మలమడుగు మందుల షాపు, పులివెందుల అరటికాయల మండీ.. ఇప్పుడు ఎక్కడ చూసినా కంప్యూటర్ బిల్లే. మరి బిల్లు కొడుతుండగా కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోతే? ర్యామ్‌లో మాత్రమే ఉన్న లెక్క గల్లంతే! కరెంటు ఉన్నంతసేపే ర్యామ్‌కు గుర్తుంటుంది. డిస్క్‌లోకి చేరిందే మిగులుతుంది.

డేటాను ర్యామ్‌లోనే పెట్టుకుని నడిచే రెడిస్ లాంటి డేటాబేస్‌లలో దీనికి రెండు దారులున్నాయి.

స్నాప్‌షాట్: మొత్తం డేటాను ఫొటో తీసినట్టు అప్పుడప్పుడూ డిస్క్‌లో దాచడం. తిరిగి ఆన్ చేస్తే డేటా త్వరగా లోడ్ అవుతుంది. కానీ 5 నిమిషాలకోసారి తీస్తుంటే, ఆఖరి 5 నిమిషాల బిల్లులు పోవచ్చు.

లాగ్: ఇది పాత షావుకార్ల చిట్టా లాంటిదే. ప్రతి మార్పునూ వరసగా రాసుకుంటూ పోతుంది. సిస్టమ్ ఆన్ కాగానే మొదటి నుంచి చదివి లెక్క మళ్లీ నిలబెడుతుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ఫైల్‌లో రాసినంత మాత్రాన అది డిస్క్‌లో పడినట్టు కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని కాసేపు ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది. వెంటనే డిస్క్‌కు పంపాలంటే 'ఎఫ్‌సింక్' అనే ఆదేశం ఇవ్వాలి. సెకనుకోసారి ఇస్తే, పోయేది దాదాపు సెకను డేటానే. ప్రతి మార్పుకూ ఇస్తే ఇంకా భద్రం, కానీ స్పీడ్ తగ్గుతుంది.

రెడిస్‌లో ఈ లాగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. ఇక డిస్కే పాడైతే ఈ రెండూ పనికిరావు కాబట్టి ఇంకోచోట కాపీ ఉండాల్సిందే.

మీ షాపులో సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, పెట్టిచ్చినవాళ్లను ఒక్క మాట అడగండి.. "ఈ క్షణం ప్లగ్ పీకేస్తే ఎన్ని బిల్లులు పోతాయి?"