మన నీళ్లలో కెమేరాకు చూపు ఆనదు!

మచిలీపట్నం: నీటి అడుగున కెమేరా పెట్టి, కదిలేది ఏ చేపో, ఎన్ని ఉన్నాయో కంప్యూటరు చేతనే లెక్క కట్టించే పద్ధతి విదేశాల్లో పదేళ్లకు పైగా సాగుతున్నది. తైవాన్ పగడపు దిబ్బల వద్ద 2010-13 మధ్య ‘ఫిష్ ఫర్ నాలెడ్జ్’ పథకం కింద వేల గంటల వీడియోను ఇలాగే పరిశీలించారు. మరి ఆ యంత్రం కృష్ణా డెల్టాకు అక్కరకు వస్తుందా? గుడివాడ చేపల చెరువు, దివిసీమ ఉప్పుటేరు, బందరు సముద్రం దేని నీరు దానిదే. పగడపు దిబ్బల తేట నీరు ఈ మూడింటిలో ఎక్కడా లేదు.

రొయ్యల చెరువునే తీసుకోండి. సెక్కీ డిస్కు అనే నలుపు తెలుపు బిళ్లను నీటిలోకి దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో రైతు కొలుస్తాడు. 30, 40 సెంటీమీటర్ల మధ్య మాయమైతే ప్లాంక్టన్ తగినంత ఉన్నట్టు లెక్క. అంటే రైతు మంచి నీరనుకునేది కెమేరాకు గుడ్డి నీరన్నమాట! పోనీ దీపం పెడదామంటే, పొగమంచులో లారీ లైటు వేసినట్టే. వెలుగంతా తిరిగి కెమేరా మీదికే వస్తుంది.

కనుక ఇక్కడ యంత్రానికి పని నీటి పైనే. మేత వేసిన గంటా రెండు గంటలకు రైతు చెక్ ట్రే పైకి లాగుతాడు. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా, పెంకు మీద మచ్చ ఉందా అని చూస్తాడు. 1994 తర్వాత తెల్లమచ్చ వైరస్ కోస్తా రొయ్యల సాగును కుదేలు చేసింది. ఆ చూపు ఒక పూట తప్పితే ఏమవుతుందో దివిసీమ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ ట్రేను ఫోటో తీసి ఇస్తే కంప్యూటరు రొయ్య సైజు అంచనా కట్టగలదు, పేగు రంగు మారితే హెచ్చరించగలదు. అయితే మచ్చ కనబడినంత మాత్రాన వైరస్ అనడానికి లేదు. పీసీఆర్ పరీక్ష చేయించవలసిందే.

గుడివాడ వైపు బొచ్చె, శీలావతి చెరువుల్లో ఈ వెసులుబాటు కూడా తక్కువ. కర్రలకు కట్టిన చిల్లుల సంచుల నుంచి చేప నీటిలోనే మేత తినిపోతుంది. నమూనాకు వల వేసిన రోజునే దాని ఒళ్లు కనబడేది.

సముద్రం సంగతికి వస్తే, గిలకలదిండి రేవులో బోట్లు దించే సరుకే ఫోటోకు అనువైనది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పటినుంచో రేవుల్లో నమూనాలు చూసే దేశంలో సముద్రపు చేపల దిగుబడి అంచనా కడుతున్నది. అసలు చిక్కు యంత్రానికి చదువు చెప్పడంలో ఉంది. పచ్చని చెరువు బొమ్మలతో నేర్చినది ఉప్పుటేటి బురదలో తడబడుతుంది. పైగా ఏరు ఏడాదంతా ఒకేలా ఉండదు. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే హంసలదీవి దాకా ఎర్రనీరే. ప్రతి నీటిలో, ప్రతి రుతువులో ఫోటోలు తీయాలి. ఒక్కో ఫోటోకు చేప పేరు రాయాలి. ఆ పేర్లు తెలిసినది మత్స్యకారులకు. ఆ పనికి కూలి ఎవరిస్తారు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. పేర్లు రాసే పని ఆ రోజుల్లో పెట్టుకుంటే, బోటు కట్టేసిన ఇళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి.