‘రూ.12-50’ అంటే కంప్యూటర్‌కు ఏమర్థమవుతుంది?

మన నల్లగొండ, పాలమూరు దిక్కు ధర రాసే తీరు ఒక్కటి కాదు. ఒకరు ‘రూ.2300/-’ అని రాస్తారు. ఇంకొకరు ‘₹2,300’ అని పెడతారు. పైసలు రాయాల్సి వస్తే పెద్దవాళ్లు చాలామంది చుక్క పెట్టరు, ‘12-50’ అని అడ్డగీత గీస్తారు. మనం చదివితే అన్నీ పైసలే. ఎక్సెల్‌కు మాత్రం కాదు.

వడ్లు, పల్లికాయ అమ్మిన తక్‌పట్టీలు, రైతు సంఘాల చిట్టాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ‘సార్, టోటల్ తక్కువొస్తుంది, ఎర్రర్ మాత్రం చూపిస్తలేదు’ అన్నది వాళ్ల దగ్గర ఎక్కువగా వినే మాట. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఒక లెక్క చూద్దాం. 2024-25లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ముగ్గురు రైతులు 20, 25, 15 క్వింటాళ్లు అమ్మారు. రావాల్సింది 46,000, 57,500, 34,500. మొత్తం 1,38,000. రెండో రైతు గడిలో ‘రూ.57,500/-’ అని కొట్టారనుకోండి. ఎక్సెల్ దాన్ని అంకె అనుకోదు, అక్షరాలు అనుకుంటుంది. ‘సమ్’ ఫార్ములా అక్షరాలున్న గడిని చప్పుడు చేయకుండా దాటేస్తుంది. టోటల్ 80,500 చూపిస్తుంది. ఒక రైతు కష్టం మొత్తం లెక్కలోంచే పోయింది!

పట్టుకోవడం సులువే. మామూలుగా అంకెలు గడిలో కుడివైపు, అక్షరాలు ఎడమవైపు నిలబడతాయి. వేల వరుసలుంటే ‘కౌంట్’, ‘కౌంట్ఏ’ ఫార్ములాలు రెండూ వేయండి. మొదటిది అంకెలున్న గడుల్నే లెక్కపెడుతుంది, రెండోది ఖాళీ లేని ప్రతి గడినీ. రెండిటికీ తేడా ఎంతుంటే అన్ని గడులు అక్షరాలుగా ఉండిపోయాయని అనుమానించాలి.

ఇక మార్చేటప్పుడు తొందర పడొద్దు. ‘రూ.2300’లో ‘రూ’ ఒక్కటే తీసేస్తే ‘.2300’ మిగులుతుంది. అంకెగా మారిస్తే అది 0.23. రెండు వేల మూడు వందలు పావలా కన్నా తక్కువైపోయింది! చుక్కతో కలిపి ‘రూ.’ అనే తీసేయాలి.

‘12-50’ ఇంకా ప్రమాదం. గడిలో కొట్టగానే ఎక్సెల్ దాన్ని 1950 డిసెంబర్‌గా మార్చేస్తుంది. లోపల దాచుకునే అంకె 18598. పన్నెండున్నర రూపాయలు పద్దెనిమిది వేలు దాటుతాయి. అందుకే ఎక్కించే ముందే ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’ ఫార్మాట్‌లో పెట్టుకోవాలి. తర్వాత ‘సబ్‌స్టిట్యూట్’ ఫార్ములాతో ముందు ‘/-’ తీసేయాలి, ఆ తర్వాతే మిగిలిన అడ్డగీతను చుక్కగా మార్చాలి. వరుస తప్పితే ‘2300/-’ కాస్తా ‘2300/.’ అవుతుంది.

₹ గుర్తుదీ ఒక కథే. దాన్ని కేంద్రం ఆమోదించింది 2010 జులై 15న. అంతకుముందు చిట్టాల్లో ఎక్కడ చూసినా ‘రూ.’ లేదా ఇంగ్లిష్ అక్షరాలే. పాతవీ కొత్తవీ కలిపితే అన్ని రకాలూ ఒకే వరుసలో కనిపిస్తాయి. అన్నీ తీసేశాక ‘వాల్యూ’ ఫార్ములా వేసి, చివర్లో కరెన్సీ ఫార్మాట్ ఇవ్వండి. ₹ గుర్తు అలంకారంగా పైన కనబడుతుంది, లోపల మాత్రం శుద్ధమైన అంకె ఉంటుంది.

ఇంకో మాట. కొన్ని గడులు ఏం చేసినా మారవు. ‘1.5 లక్షలు’, ‘తర్వాత ఇస్తరు’ లాంటివి రాసి ఉంటాయి. వాటిని సున్నా చేసే ఫార్ములా చాలామంది వేసేస్తారు. వద్దు. సున్నా అంటే పైసలు రాలేదని అర్థం. తెలియని గడిని ఖాళీగా వదిలి, పక్కన గుర్తు పెట్టి, ఆ రైతునే ఫోన్ చేసి అడగండి. అసలు రాసిన వరుసను ఎప్పుడూ చెరిపేయకుండా, పక్కన కొత్త వరుసలో మార్చుకోండి. రేపు ఎవరైనా ‘నా పైసలు ఇంతే ఎట్లయినయి?’ అని అడిగితే, కాగితం మీద ఏముందో, కంప్యూటర్‌లో ఏమైందో రెండూ పక్కపక్కన పెట్టి చూపించొచ్చు.