చెరువు బురదలో విద్యుత్తు – వెలుతురు చేయు మేలు, కీడు

ఏలూరు మొదలు కొల్లేటి చుట్టుపట్ల చేపల చెరువులు గల రైతులకు వేకువజాము గడ్డుకాలము. నీటిలో ప్రాణవాయువు సన్నగిలి చేపలు పైకి తేలి నోళ్లు తెరచునది ఆ వేళనే. ఏరేటర్లు త్రిప్పుటకు కరెంటు ఖర్చు మెండు. కావున బురదలోని సూక్ష్మజీవులే కరెంటు నిచ్చునను మాట వినవచ్చినపుడు రైతు చెవియొగ్గుట సహజము. అందు నిజమెంతయో చూతము.

సూక్ష్మజీవులు కుళ్లిన పదార్థమును తినునపుడు ఎలక్ట్రానులను విద్యుత్కణములు వెలువడును. ప్రాణవాయువున్నచోట ఆ వాయువే వానిని గైకొనును. అడుగు బురదలో అది లేదు. అచ్చట నొక బొగ్గుపలకను పాతి, పైనీటిలో మరియొకదానిని వ్రేలాడదీసి, రెంటిని తీగెతో కలిపినచో కణములు తీగె వెంబడి పైపలకకు ప్రవహించును. అదియే విద్యుత్తు. సూక్ష్మజీవుల వలన విద్యుత్తు పుట్టునని 1911లో ఇంగ్లండునందు పాటర్ అను శాస్త్రజ్ఞుడు చూపెను.

వెలుతురు సంగతి చిత్రమైనది. పగటివేళ పైనీటిలోని పచ్చని నాచు ప్రాణవాయువును విడుచును గాన పైపలక చురుకుగా పనిచేయును. రాత్రి ఆ వాయువు తగ్గగా ప్రవాహమును తగ్గును. ఆ నాచే క్రిందిపలకపై పెరిగినచో మేలు కాస్తయు కీడగును. అది విడుచు వాయువు కణములను దారిలోనే కాజేయును.

ఊదారంగు సూక్ష్మజీవుల తీరు వేరు. అవియు వెలుతురుతో బ్రదుకునవే, కాని ప్రాణవాయువును విడువవు. కంటికి కానరాని పరారుణ కాంతిని సైతము గ్రహించును. కొందరు రైతులు చెరువులలో పోయు ఎర్రని ద్రవములోనివి ఈ తెగవే. భీమునిపట్టణపు ఉప్పునీటి సాగుచెరువున దొరికిన అట్టి జీవికి 2007లో మారిక్రొమేషియం భీమ్లికం అని ఆ ఊరి పేరే పెట్టిరి. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థయందు ఎస్. వెంకటమోహన్ గారి బృందము ఇట్టి జీవులతో వెలుతురున విద్యుత్తు తీయు పరిశోధనలు సాగించినది.

ఇక లెక్క. చదరపు మీటరునకు 10 మిల్లీవాట్లు వచ్చుననుకొందము. ఎకరమంతయు పలకలు పరచినను 40 వాట్లే. ఒక అశ్వశక్తి ఏరేటరునకు 746 వాట్లు కావలెను. అనగా 18 ఎకరముల బురద! పైగా అవసరమైన వేకువననే ప్రవాహము మందగించును. ఏరేటరు త్రిప్పెదమని చెప్పి సొమ్మడుగువారికి సభ్యులు పైకమీయవలదు.

కాని స్వల్పశక్తితో నడచు కొలత పరికరమునకు ఇది చాలును. 2008 నాటికే అమెరికాలో పోటోమాక్ నదీగర్భపు బురద శక్తితో వాతావరణమును కొలుచు తేలుబుంగ నడచినది. నీటి వేడిమిని కొలుచు పరికరమునకై దీనిని పరీక్షింపదలచువారు పైపలకను ఎండ తగులు నీటిలో నుంచి, క్రిందిదానిపై వెలుతురు సోకకుండ బురద పూర్తిగా కప్పవలెను.