ఇసుక చమురుకు మోత ఖర్చే కీలకం

జగ్గయ్యపేట: సరుకు చవకైనా లారీ కిరాయి మించితే గిట్టదని వర్తకులకు తెలిసినదే. కెనడాలోని అల్బర్టాలో తవ్వే చమురు ఇసుకకూ ఇదే లెక్క. పీపా ముడిచమురుకు సుమారు 2 టన్నుల ఇసుక తవ్వాలి. 1978లో ఉత్పత్తి ప్రారంభించిన సిన్‌క్రూడ్ గనిలో తొలుత బెల్టు కన్వేయర్లు వాడారు. ఒక బెల్టు ఆగితే ఆ వరుసంతా ఆగేది. తరువాత భారీ డంపర్లు వచ్చాయి. ఇసుకను నలిపి, వేడినీటితో కలిపి గొట్టాలలో పంపుతారు. దారిలోనే తారు విడివడడం మొదలవుతుంది. ఇసుకను గని ప్రాంతంలోనే వదిలి, చమురునే దూరం పంపుతారు.

జయంతిపురం, ముక్త్యాల సిమెంటు కర్మాగారాలు సున్నపురాయి గనుల చెంత వెలసినదీ ఇందుకే: కాల్చితే పోయే బరువుకు కిరాయి దండుగ. ఇసుక చమురుతో డీజిలు చవకవుతుందనుకునేవారు ముందు ఈ మోత లెక్క చూడాలి.